హనియా ఇంటి రెండో రొట్టె

మా సందులో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలియాలంటే తలుపు తట్టక్కర్లేదు, జిలాలీ బట్టీ దగ్గర కాసేపు నిలబడితే చాలు. పొద్దున్నే ఫెజ్ పాతబస్తీలో ప్రతి ఇల్లూ పిండి కలిపి, రొట్టెలు తట్టి, చెక్కపలక మీద పెట్టి గుడ్డ కప్పి కాల్చడానికి బట్టీకి పంపుతుంది. ఏ రొట్టె ఎవరిదో జిలాలీ ఇట్టే చెప్పేస్తాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది, ఊరుకోడు.

"బూషతా పోయి మూడు నెలలైంది. హనియా ఇంకా రెండు రొట్టెలే పంపుతోంది," అన్నాడొకరోజు.

"ఆకలేస్తోందేమోలే," అన్నాను.

"ఆ పిచ్చుక ప్రాణానికి ఒక్కటే రెండు రోజులొస్తుంది, లల్లా సాదియా. రెండోది ఎవరు తింటున్నట్టు?"

మధ్యాహ్నానికల్లా ఆ ప్రశ్న సందంతా తిరిగింది.

హనియాది మా పక్కిల్లే. ఆమె భర్త బూషతా చెప్పులు కుట్టేవాడు. సాయంకాలం నమాజు కాగానే పుదీనా టీ పెట్టుకుని, ఏదో ఒక కథల పుస్తకం పైకి చదివేవాడు. ఆమె పప్పులో రాళ్ళేరుతూ వినేది. పిల్లల్లేని ఇల్లు, ఎన్నేళ్ళైనా ఆ వేళ మారలేదు. ఆయన పోయాక కూడా ఆమె గచ్చు కడిగే వేళకు కడిగింది, టీ పెట్టే వేళకు పెట్టింది. ఏడుపుకు కూడా ఒక వేళ పెట్టుకుందేమో, మాకెప్పుడూ వినబడలేదు. అదే చాలామందికి నచ్చలేదు.

పైగా హనియాకు అవతలి పక్కిల్లు బతూల్‌ది. గోడలకు చెవులుంటాయో లేదో గానీ, హనియా ఇంటి గోడకు మాత్రం ఎప్పుడూ బతూల్ చెవి ఉంటుంది.

"మగగొంతు! ఒట్టేసి చెప్తున్నా. దాని వెనకే హనియా నవ్వు!" అంది.

నేనూ మేడెక్కి విన్నాను. నిజమే. ఒక బొంగురు గొంతు ఎవరినో గద్దిస్తోంది, సన్నగొంతు బదులిస్తోంది. హనియా ఇంకా తెల్లబట్టల్లోనే ఉంది. భర్త పోయిన ఆడది పాటించే నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా పరాయి మగవాడిని గడప తొక్కనిస్తే ఆమె పరువు మట్టిలో కలిసినట్టే.

నాలుగు రోజుల్లో సెఫ్రూ నుంచి ఆమె మరిది అల్లాల్ దిగాడు. కబురు మోసిందెవరో నాకు తెలుసు, బతూల్ చెల్లెలి కాపురం ఆ ఊళ్ళోనే. హనియా మీద నాకు ఒక అనుమానముంటే అల్లాల్ మీద పది ఉన్నాయి. అన్నను మట్టిచేసి వచ్చిన రోజే ఆ ఇంటి గోడలు వేళ్ళతో కొట్టి చూసుకున్న మనిషి. హనియాను తన ఇంటికి తీసుకుపోయి, ఇక్కడ తాళం వేస్తానన్నాడప్పుడే. గడువు తీరేదాకా ఆమె జోలికెళ్ళొద్దని పెద్దలు ఆపారు. ఇప్పుడు చిన్న మచ్చ దొరికినా ఆ పూటే ఆమెను గడప దాటిస్తాడు.

నమాజు వేళ దాటాక నన్నూ బతూల్‌నూ సాక్ష్యానికి వెంటబెట్టుకుని వెళ్ళాడు. తలుపు గడియ వేసి లేదు. లోపలి వాకిట్లో దుప్పటి మీద రొట్టెలు ఎండుతున్నాయి. అన్నీ నిండు రొట్టెలు. ఒక్కటీ ఎవరూ తుంచలేదు. రెండో రొట్టె తినేవాళ్ళే లేరని అర్థమై వెనక్కి పోదామనుకున్నాను. అంతలో గదిలోంచి బొంగురు గొంతు లేచింది.

"తలుపు తియ్యరా దొంగా! నువ్వు లోపలున్నావని మాకు తెలుసు!"

"విన్నారా!" అని అల్లాల్ ఒక్క ఊపున లోపలికి దూకాడు.

హనియా ఒక్కతే ఉంది. ఒళ్ళో లావుపాటి పుస్తకం, అక్షరం మీద వేలు. ఎదురుగా ఖాళీ దిండు, దాని ముందు టీ గ్లాసు.

"ఎవడు వాడు?" అన్నాడు అల్లాల్.

"గుర్రాల దొంగ. ఇప్పుడే దొరకబోయాడు, నువ్వొచ్చి చెడగొట్టావు."

"నీకు చదువెక్కడిదే?" అంది బతూల్.

"మసీదులో ఆడవాళ్ళకు చెప్పే క్లాసుకు రెండు చలికాలాలు వెళ్ళాగా. ఆయన చదువుతుంటే నేను చదవాల్సిన పనేంటి? ఇప్పుడు సగంలో వదిలేసి పోయాడు. ఇందులో మగవాళ్ళ మాటలన్నీ నాకు ఆయన గొంతుతోనే వినబడతాయి. అలాగే చదువుకుంటున్నా."

"మరి ఆ రొట్టెలు?" అన్నాను.

"రోజూ ఒక్కటే చేద్దామనుకుంటా, లల్లా సాదియా. చూసుకునేసరికి చేతులు రెండు తట్టేస్తున్నాయి. పారెయ్యడం పాపం కదా."

అల్లాల్ మాత్రం వదల్లేదు. అతని చూపు మేడమెట్ల మీదికి పోయింది. "పై గదిలో ఎవరున్నారు?" అంటూ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏదో అనబోయాను. హనియా నన్ను చేత్తో ఆపి, పుస్తకం మూసింది.

"చూడు మరిదీ. మంచం కింద కూడా చూడు. రోజూ లేవగానే నేనూ చూస్తున్నా. మీ అన్న ఎక్కడైనా కనబడితే గట్టిగా ఒక్క కేకెయ్యి, పరిగెత్తుకుని వస్తా."

అల్లాల్ పైకి వెళ్ళలేదు. ఆ మెట్టు మీదే కూలబడి, "అన్నా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చీకటి పడకముందే, ఇంటికి తాళం వేసే మాట ఎత్తకుండా సెఫ్రూ బస్సెక్కాడు.