పడుకుని చూడాల్సిన మేడ

ఆర్కిటెక్టుగారికి ఒకటే పిచ్చి. ఏ కట్టడాన్నైనా నేలమీద పడుకునే చూడాలంటారు. తాను పడుకుని ఊరుకోరు, పక్కనున్నవాళ్లనీ పడుకోబెడతారు. ఆఫీసులో అందరూ చాటుగా ‘శయనం సారు’ అనేవాళ్లు.

ఆయన గీసినవాటికి చెక్క నమూనాలు చేసేది వడ్రంగి. ముప్పై అంతస్తుల ఆఫీసు మేడ నమూనా చేసినన్నాళ్లూ అతని చొక్కా వీపంతా రంపంపొట్టే.

“మళ్లీ ఎక్కడ దొర్లొచ్చావు?” అనేది భార్య.

“ఆఫీసులో.”

“దానిక్కూడా జీతమిస్తారా!”

ఆ మేడకి కింద గోడల్లేవు. భారమంతా ఎత్తైన స్తంభాలమీదే. మొదటిసారి పడుకుని చూసినప్పుడు వడ్రంగి కళ్లు నులుముకున్నాడు. తన చేత్తో అతికించిన చెక్కే, ఆకాశంలో తేలుతోంది.

“ఇది నిలబడుతుందాండీ?”

“నువ్వు సరిగ్గా అతికిస్తే.”

మేడ కట్టిస్తున్న యజమానికి మాత్రం ఆ ఖాళీ కంట్లో నలుసైంది. “కింద దుకాణాలు కట్టండి. ఊరి నడిబొడ్డున గాలిని అద్దెకిస్తామా?”

మేడ కట్టబోయే స్థలం వెనక సందులోనే వడ్రంగి అక్క కిటికీ పక్కన బట్టలు కుడుతుంది. పొద్దుటెండే ఆవిడకి దీపం. దుకాణాలతో అది మూసుకుపోతే ఇల్లు వదలాల్సిందే. పనిలో ఇంటిగోల ఎందుకని సారుకి ఎన్నడూ చెప్పలేదు.

“పడుకోండి,” అన్నారు సారు.

“నేనా? కొత్త సూటయ్యా!”

“సూటుతోనే.”

యజమాని మూలుగుతూ పడుకున్నాడు. సారు లైట్లార్పి, నేలమీదున్న నమూనా ముందు చిన్న దీపం పెట్టారు. వెలుగు స్తంభాల మధ్యనుంచి దూరి, వెనక అగ్గిపెట్టెతో చేసిన ఇంటి కిటికీలో పడింది. లోపల తీగతో వంచిన కుట్టుమిషను. వంకరటింకర పని. వడ్రంగిది కాదు, సారుదే.

“ఎవరిదయ్యా ఆ ఇల్లు?”

“తెలీదండీ. స్థలం చూడ్డానికొచ్చినరోజు ఆ సందులో పడుకున్నాను. స్పృహ తప్పాననుకుని ఆవిడ ముఖాన నీళ్లు కొట్టింది.”

“మా అక్కండీ,” అన్నాడు వడ్రంగి.

యజమాని చాలాసేపు పైకే చూశాడు. “ఇంత బరువు... పిట్టలా వాలిందే!” అన్నాడు చివరికి. “సరే, ఇలాగే కట్టండి. ముందు నన్ను లేపండి.”

ప్రారంభం రోజు పొద్దున, మేడ కింద సారుతోపాటు పెద్దమనుషులంతా వెల్లకిలా పడుకుని నోళ్లు తెరిచారు. వెనక కిటికీలో, ఎండలో, మిషను ఆగింది.

“తమ్ముడూ! ఆ రోజు పడిపోయినాయన మళ్లీ పడ్డాడ్రా! ఈసారి ఇంకా చాలామంది!”

అక్క బిందెతో పరిగెత్తుకొస్తోంది.