బాపు వదిలేసిన విమానం

పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా బాపు కుడిచెయ్యి వణుకుతోంది. వేళ్లకు పని ఉంటుందని నా కంప్యూటర్‌లోని యుద్ధవిమానాల ఆట నేర్పాను. అందులో గైరో గన్‌సైట్ అని గురిచూసే అద్దం ఉంటుంది. దాని వలయంలో శత్రువిమానాన్ని కాసేపు కదలకుండా పట్టి ఉంచితే, ఎగిరే విమానానికి ఎంత ముందుగా తూటా కొట్టాలో అదే లెక్కగడుతుంది. చెయ్యి వణికితే వలయం జారిపోతుంది. నెల రోజులుగా జారుతూనే ఉంది.

ఈ సాయంత్రం రావల్కోల్‌లోని మా ఇంట్లో, మొదటిసారి వలయం విమానం మీదే నిలిచింది.

“కొట్టు బాపూ, జల్దీ!” అని అరిచాను.

బాపు మీట నొక్కలేదు. విమానం మబ్బుల్లోకి వెళ్లిపోయింది.

“ఏంది బాపూ, గట్ల ఇడిసిపెట్టినవ్?”

“నా చెయ్యి నిలబడ్డది గద బిడ్డా. ఇగ ఆ ఇమానంల ఉన్నాయనను గూడ ఇంటికి పోనీ.”

స్కోరు సున్నా. ఇంత సంతోషంగా ఓడిపోయినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?