మామయ్య సత్ప్రవర్తన

మొన్న సత్తెనపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక పెద్దాయన పోతే, పాస్టరుగారు ప్రార్థన జరిపే ఆదరణ కూడికకు వెళ్ళాను. మా మేనమామ తెల్లచొక్కా వేసుకుని షామియానా కింద నిలబడి, వచ్చినవాళ్ళందరినీ "రండి, కూర్చోండి" అంటున్నాడు. ఆ మాట పక్కవాడికి కూడా సరిగ్గా వినపడటం లేదు. నాలుగు చేల అవతల ఉన్న మనిషిని కేకేసి పిలిచే గొంతు ఆయనది. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడగా అంతకుముందు ఒకే ఒక్క ఏడాది విన్నాను, ప్రొబేషన్‌లో ఉన్న ఏడాది.

పోయినాయన మామయ్యకు పక్కచేను రైతు, చిన్ననాటి స్నేహితుడు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళు. ఒకసారి ఆయన మోటారు వేసి మరిచిపోతే, నీళ్ళు గట్టు తెంచుకుని మామయ్య కల్లంలోకి వచ్చాయి. ఎండబోసిన మిరపకాయలన్నీ తడిసి, రంగు పోయి తాలుకాయలయ్యాయి. మామయ్య నోటికొచ్చినట్టు తిట్టి, ఆ ఊపులో పార కర్రతో ఒక్కటేశాడు. ఆయన మణికట్టు విరిగింది. ఇంకేముంది, కేసు, కోర్టు. "ఒక్క దెబ్బేగా కొట్టింది" అని మా దగ్గర మామయ్య వాదన. ఆ మాట జడ్జిగారి దగ్గర అనలేదు, అదృష్టం.

నేరం రుజువైంది. అయితే పాత కేసులేవీ లేవు. ప్రొబేషన్ అధికారిణి ఊరికొచ్చి పాస్టరుగారినీ, టీకొట్టు దగ్గరివాళ్ళనీ, మా అత్తయ్యనీ విచారించి నివేదిక ఇచ్చింది. అది చూసి జడ్జిగారు ఏ శిక్షా వేయకుండా, ఏడాదిపాటు సత్ప్రవర్తనతో ఉంటానని బాండు రాయించుకుని వదిలారు. మా నాన్న జామీను నిలబడ్డాడు. నెలనెలా వెళ్ళి ఆ అధికారిణికి కనపడాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు, దెబ్బ తిన్నాయనతో అసలే గొడవ పడకూడదు. తప్పితే మళ్ళీ కోర్టుకు పిలిచి, అప్పుడు వేయని శిక్ష వేస్తారు. జైలంటే మామయ్యకు చచ్చేంత భయం. ఆ రోజు చెయ్యి కంటే ముందు నోరే లేచింది కాబట్టి, నోరు అదుపులో ఉంటే చెయ్యీ ఉంటుందని ఆయన తీర్మానించుకున్నాడు.

ఇక గేదెను తప్ప అందరినీ అండీ అనడమే. నన్ను "ఎప్పుడొచ్చారల్లుడుగారూ" అంటే నాకు ఒళ్ళు జలదరించింది. "ఈ మనిషికి దయ్యంగానీ పట్టిందా?" అని అత్తయ్య బెంగపెట్టుకుంది. పక్కచేనాయన ఎదురైతే తలమీద తువ్వాలు తీసి, "వందనాలండీ, చెయ్యెలా ఉందండీ" అని పక్కకు తప్పుకునేవాడు. అవతలాయన ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయేవాడు.

గడువు దగ్గరపడుతుండగా ప్రొబేషన్ అధికారిణి చివరి విచారణకు వచ్చింది. మిరపకోతలు సాగుతున్నాయి, నేనూ అక్కడే ఉన్నాను. "ఈయన మీతో ఎలా ఉంటున్నారు?" అని పక్కచేనాయన్ని అడిగింది.

"ఏం చెప్పమంటారమ్మా, చంపుతున్నాడు" అన్నాడాయన.

మామయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ పెన్ను తీసి, "కొట్టాడా? తిట్టాడా?" అంది.

"తిట్టినా బాగుండేది. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి ఏరా అన్నోడు ఇప్పుడు అండీ అంటున్నాడు. నేనేమన్నా వీడింటికొచ్చిన కొత్త చుట్టాన్నా? విరిగిన చెయ్యి అతుక్కుందమ్మా, ఇదే అతుక్కోలా."

మామయ్య బిక్కమొహం వేసుకుని ఆవిణ్ణి అడిగాడు. "అట్టా పిలవచ్చాండీ? బాండుకు అడ్డం రాదా?"

"గొడవ పడొద్దన్నానుగానీ పిలవొద్దన్నానా?" అని ఆవిడ పెన్ను మూసేసింది.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్! ఆ ముక్క ఇన్నాళ్ళూ నాకు చెప్పి చావొచ్చుగా! ఇంతకీ మోటారు కట్టేశావా లేదా?"

కోతకొచ్చిన ఆడవాళ్ళంతా ఉలిక్కిపడి తిరిగి చూశారు. పక్కచేనాయన కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "కట్టాన్లేరా, నీ నోరు పడిపోను" అన్నాడు. అంత సంతోషంగా తిట్టే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నివేదిక బాగానే వెళ్ళింది, మామయ్య గండం గట్టెక్కాడు.

మొన్న భోజనాలయ్యాక ఆయన పక్కన కూర్చుని, "ఏం మామయ్యా, మళ్ళీ ప్రొబేషనా?" అని నవ్వించబోయాను. ఆయన నవ్వలేదు. చేలవైపు చూస్తూ, "కేకేస్తే పలికేవాడేడిరా?" అన్నాడు, మెల్లగానే. కోర్టు పెట్టిన ఏడాదికి చివరి రోజంటూ ఒకటుంది, వచ్చింది, అయిపోయింది. ఈసారి ఆయన నెమ్మదికి గడువు లేదు.