నడిసముద్రంలో బీరువా

ఏ నాటకం చేతికిచ్చినా సరే, వేదిక మీద ఒక బీరువా నిలబెట్టందే ఆ దర్శకుడికి ముద్ద దిగదు. అడవిలో వేటగాళ్ళ కథలో బీరువా. జైలుగది కథలో బీరువా. ఎడారిలో దారితప్పిన దంపతుల కథలోనైతే, దాహంతో అల్లాడిన భర్త దానికే చేరగిలబడి ప్రాణం వదిలాడు. పోనీ కొత్తదా అంటే అదీ కాదు. రంగు వెలిసిన, ఒక కాలు కుంటి, మనిషెత్తు చెక్క బీరువా. విమర్శకులు ఊరుకుంటారా? అది అంతరాత్మ అని ఒకరూ, అణచివేత అని మరొకరూ పేజీలు నింపారు. అర్థంకాని దానికి దండం పెట్టడం చదువుకున్నవాళ్ళ పాత జబ్బు.

ఆయనకు ఇంకో గుణం కూడా ఉంది. రిహార్సల్సులో నటుల కాళ్ళకు అడ్డంపడుతూ తిరిగే మనిషి, ప్రదర్శన రోజు మాత్రం మాయం. చప్పట్లకు పిలిస్తే ఉండడు. "పిరికి సన్నాసి! విమర్శకులకి దడిసి పారిపోయుంటాడు," అని అందరూ నవ్వుకునేవారు.

కొత్త రచయిత్రికి ఇవేవీ ముందుగా చెప్పినవాళ్ళు లేరు. రెండేళ్ళు కూర్చుని రాసిన మొదటి నాటకం ఆమెది. నడిసముద్రంలో చిన్న పడవ, అందులో తల్లీకూతుళ్ళు, చుట్టూ నీళ్ళు. అంతే. చివరి వారంలో నలుగురు రొప్పుతూ మోసుకొచ్చి, పడవ పక్కన బీరువా దించారు.

"సార్, ఇది సముద్రం."

"తెలుసు తల్లీ."

"సముద్రంలోకి బీరువా ఎలా వస్తుంది?"

"తేలుతూ వస్తుంది. చెక్కే కదా!"

"జనం నవ్వుతారు సార్!"

"నవ్వనీ. టిక్కెట్టు కొన్నారు."

"పోనీ, కాస్త ఆ మూలకైనా..."

"అమ్మమ్మమ్మ! పెద్దమ్మకి చెయ్యి అందేంత దగ్గర్లో ఉండాలి."

పెద్దమ్మంటే తల్లి వేషం కడుతున్న నటి. నలభయ్యేళ్ళుగా ఆ నాటకశాలను మోస్తున్న దూలం. రచయిత్రి వెళ్ళి ఆవిడ దగ్గరా మొరపెట్టుకుంది.

"నాకు అలవాటైపోయిందే అమ్మాయ్. పక్కన అది లేకపోతే నోరు పెగలదు," అందావిడ.

అందరికీ ఒకేసారి మతిపోయిందని రచయిత్రి తీర్మానించుకుంది.

ప్రదర్శన రోజు తెర లేచింది. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, "ఒసేయ్, పడవలో ఇల్లు మారుతున్నట్టున్నారే!" అంది. వరసంతా కిసుక్కుమంది. రెండేళ్ళ కష్టం నీళ్ళపాలు! రచయిత్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. రంగం మారేటప్పుడు దీపాలు ఆరగానే ఆ దరిద్రాన్ని బయటికి ఈడ్చిపారేద్దామని, ముందే వెనక తెరలోంచి దూరింది. చేతికి బీరువా వీపున చిన్న తలుపు తగిలింది. లాగింది.

లోపల దర్శకుడు! అంత భారీ మనిషీ మోకాళ్ళు గడ్డానికి ఆనించి, పళ్ళ మధ్య టార్చి, ఒళ్ళో స్క్రిప్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఉలిక్కిపడేసరికి టార్చి జారి ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే, అవతల పెద్దమ్మ "నాకు ఒడ్డు..." అని ఆగిపోయింది.

"కొంప ముంచావు కదే!" ఆయన గుసగుసగా గింజుకున్నాడు. "ఆరేళ్ళుగా ఆవిడకి మాటలు గుర్తుండటం లేదు. బయటపడితే పంపించేస్తారు. ఈ పేజీ ఎక్కడ చచ్చింది..."

రచయిత్రికి పేజీ అక్కర్లేదు. ఆయన భుజం మీదుగా వంగి, ముందు తలుపుకున్న చిల్లుల దగ్గర నోరు పెట్టింది.

"నాకు ఒడ్డు గుర్తులేదే," అంది పెద్దమ్మ ఆ వెంటనే, బీరువా మీద చెయ్యి వేసి. "నీ చెయ్యి గుర్తుంది. చాల్లే."

ముందు వరసావిడ ముక్కు చీదింది. మర్నాడు ఒక విమర్శకుడు ఆ మాటకు ముందు వచ్చిన నిశ్శబ్దం మీదే రెండు పేరాలు రాశాడు.

ఆరు నెలలకు రచయిత్రి రెండో నాటకం తెచ్చిచ్చింది. కథంతా ఆకాశంలో, ఎగిరే బెలూను బుట్టలో. మొదటి పేజీలోనే, 'బుట్ట మధ్యలో ఒక బీరువా' అని ఉంది. దర్శకుడు చదివి మొహం చిట్లించాడు.

"ఏం సార్, బాగాలేదా?"

"బాగానే ఉంది గానీ, 'వెడల్పాటి బీరువా' అని రాయొచ్చు కదా తల్లీ! నా మోకాళ్ళు చచ్చిపోతున్నాయి."