పేర్లు చెక్కని రాళ్ళు

పాప పుట్టిన ఐదో నెలలో నేను తిరిగి ఉద్యోగంలో చేరాను. ఇంకో రెండు నెలలు ఆగకూడదా అంది అమ్మ. ఆగితే నా కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారని నా భయం. బెంగళూరు జయనగర్‌లో ఒక మందుల షాపు పైన మూడు గదుల ఆఫీసు మాది. ఉన్నది ఐదుగురం, అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

మేం చేసే పని ఏమిటో మా చుట్టాల్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. విదేశాల్లో మన రాయిని కొనేవాళ్ళుంటారు. ఆ రాయి ఏ కొండది, దాన్ని కోసినవాళ్ళకు కూలి సరిగ్గా ముట్టిందా, పిల్లల చేత పని చేయించారా, దుమ్ము నుంచి మనుషులను కాపాడుతున్నారా అన్నవి వాళ్ళ తరఫున మేం చూసి రాసి పంపాలి. తొంభైలలో ఎవరూ అడగని ప్రశ్నలు ఇవి. రెండువేల సంవత్సరం దాటాక ఒక్కసారిగా అందరూ అడగడం మొదలుపెట్టారు.

"అంటే సీఐడీ పనా?" అని అడిగాడు మా బాబాయి.

"కాదు బాబాయ్, పెళ్ళిచూపుల పని. మనం వస్తున్నామని వాళ్ళకు ముందే తెలుసు. ఇల్లు సర్ది, దుప్పట్లు మార్చి ఉంచుతారు. మనం ఉప్మా తిని, బాగుందని చెప్పి వస్తాం" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. అప్పట్లో నేనూ నవ్వేదాన్ని.

మా సారు గనుల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. రాయిని చేత్తో తడిమి అది ఎక్కడిదో చెప్పగలడు. మనుషుల విషయం వచ్చేసరికి మాత్రం నన్ను ముందుకు తోసేవాడు. "నీకు తెలుగొచ్చు, నీతో వాళ్ళు మాట్లాడతారు" అనేవాడు. బెంగళూరు శివార్లలోని జిగణిలో రాయి పనికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆంధ్ర సరిహద్దు పల్లెల తెలుగువాళ్ళే. నాది నెల్లూరు తెలుగు. వాళ్ళ మాట నాకు తెలుసుననుకున్నాను గానీ, సగం మాటలు అక్కడే నేర్చుకున్నాను.

జిగణిలో నేను చూడాల్సిన ఫ్యాక్టరీలో చేసేవి సమాధి రాళ్ళు. సరిహద్దు కొండల నుంచి నల్లరాయి దిమ్మెలుగా వస్తుంది. దాన్ని పలకలుగా కోసి, అంచులు గుండ్రంగా తిప్పి, అద్దంలా మెరుగు పెట్టి, చెక్క పెట్టెల్లో ఓడకు పంపుతారు. రాళ్ళ మీద ఏమీ ఉండదు. పేర్లు అక్కడ చెక్కుకుంటారు, మనిషి పోయాక. వరసగా నిలబెట్టిన ఆ పలకల్లో నా మొహం కనపడేది. నేను చూపు పక్కకు తిప్పుకునేదాన్ని. ఇంట్లో పసిపిల్లను పెట్టుకుని అలాంటివి చూడకూడదని అమ్మ అనకపోయినా నాకే అనిపించేది.

అసలు సంగతి అంచుల దగ్గర ఉంది. చేతి మిషన్‌తో అంచు తిప్పేటప్పుడు పిండిలాంటి దుమ్ము లేస్తుంది. మిషన్ మీద సన్నగా నీళ్ళు పడుతూ ఉంటే దుమ్ము బురదై కిందికి జారుతుంది. నీళ్ళు లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పోయింది మళ్ళీ రాదు. మొదటిసారి నేను వెళ్ళిన రోజు ప్రతి మిషన్‌కూ కొత్త నీలం పైపు ఉంది. నేలంతా తడి.

"చూడండి మేడం, ఎంత చల్లగా ఉండాదో" అన్నాడు మేనేజరు. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగాయన. "కాఫీ తాగుతారా, బాదం పాలా? మా దగ్గర అంతా కరెక్టుగా ఉంటాది. మీరు ఎవుర్నైనా పిలిచి అడగండప్పా, నేను ఆ పక్కకు కూడా రాను."

హాజరు పుస్తకంలోంచి నేనే ఐదుగురిని ఎంచుకుని, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగాను. ఐదుగురూ అంతా బాగుందన్నారు. నీళ్ళు రోజూ వస్తాయన్నారు. ఒకతను నేను ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు చెప్పాడు.

మధ్యాహ్నానికి నాకు రొమ్ములు బిగిసి నొప్పి మొదలైంది. పొద్దున ఆరింటికి పాపకు పాలిచ్చి వచ్చినదాన్ని. కుర్తా ముందు భాగం తడిసిపోయింది. ఫైలు అడ్డం పెట్టుకుని షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒకామె పళ్ళెం కడుగుతోంది. రాళ్ళు తుడిచి పెట్టెల్లో సర్దే పని ఆమెది. నాకంటే చిన్నదేమో. నన్ను ఒక్క చూపు చూసి అర్థం చేసుకుంది.

"ఎన్ని నెల్ల బిడ్డ మేడమ్మా?"

"ఐదు."

"ఎవురి కాడ ఇడిస్తివి?"

"మా అమ్మ దగ్గర."

"నీకేం, అమ్మ ఉండాది." అన్నం డబ్బాకు చుట్టి తెచ్చిన గుడ్డ విప్పి నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. "లోపల పెట్టుకో. ఉతికిందేలే. సిగ్గుపడబాక, నాకూ అదే పాట్లు."

"నీ బిడ్డ ఎక్కడుంది?"

"దినమూ ఆ పెట్టెల ఎనకాలే చీరతో ఉయ్యాల కడతా. ఈపొద్దు మాత్రం కంపెనీ వోళ్ళు మాకు ఇచ్చిన లైను ఇండ్ల కాడ ఒక ముసిల్దానికి ఇచ్చి వొచ్చినా. మీరు వొస్తారంట, బిడ్డలు కండ్ల పడకూడదంట." తన రవికె వైపు చూసుకుని నవ్వింది. "నీ పాలూ నా పాలూ రెండూ నేలపాలే ఈపొద్దు."

నేనూ నవ్వాను. ఉద్యోగంలో చేరాక నా ఒంటి గురించి ఎవరితోనైనా మాట్లాడింది అప్పుడే. ఆ నవ్వులోనే ఆమె తక్కినదీ చెప్పేసింది. నేను అడగలేదు.

"నీళ్ళ పైపులు చూస్తివి కదా? నిన్న బిగిచ్చినారు. మీరు పోతానే ఇప్పేస్తారు. నీళ్ళు పెడితే పని నిదానమంట. మా ఆయన ఆ మిషను కాడనే. రాత్రంతా దగ్గుతాడు. మూతికి గుడ్డ కట్టుకో సామీ అంటే ఉక్క అంటాడు." షెడ్డు వైపు ఒకసారి చూసింది. "నేను చెప్పినానని అనబాక మేడమ్మా."

"నీ పేరు రాయను."

"నా పేరు నాకే రాయనీకి రాదు, నువ్వేం రాస్తావులే" అని పళ్ళెం దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంటికి వచ్చి తలస్నానం చేసేదాకా పాపను ముట్టుకోలేదు. జుట్టులో ఆ దుమ్ము ఉందని అనుమానం. "ఉదయం నుంచి పాల కోసం గుక్కపట్టింది పిల్ల. నువ్వేమో వచ్చి తలంట్లు పోసుకుంటున్నావు" అని తలుపవతల నుంచి అమ్మ కోప్పడుతోంది. స్నానాల గదిలో నేను ఇంకో బిడ్డ గురించి ఆలోచిస్తున్నాను. పెట్టెల వెనక, చీర ఉయ్యాలలో, ఆ గాలే పీలుస్తున్న బిడ్డ గురించి.

రిపోర్టు రాసేటప్పుడు ఆ వాక్యం నా చేతికి తేలిగ్గా వచ్చింది. పెట్టెల్లో సర్దే విభాగంలో పనిచేసే ఒక పాలిచ్చే తల్లి చెప్పినదాని ప్రకారం, నీటి పైపులు తనిఖీ రోజుల్లోనే బిగిస్తారు. ఆమె పసిబిడ్డను రోజూ ఆ షెడ్డులోనే పడుకోబెడతారు.

సారు చదివి కళ్ళజోడు తీశాడు. "కార్మికుల ద్వారా తెలిసింది అని రాస్తే సరిపోదా?"

"అది ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది సార్. ఎవరికీ పట్టదు. బిడ్డ సంగతి ఉంటేనే వాళ్ళకు తగులుతుంది."

"పేరు లేదుగా?"

"లేదు సార్."

ఆయన సరేనన్నాడు. ఇది కచ్చితంగా రాయాలి. ఎందుకంటే తర్వాత చాలా రోజులు నేను ఆయన్నే తప్పుపట్టాలని ప్రయత్నించాను. ఆయన మార్చమన్నాడు, ఉంచింది నేను. లోపాలు చూపిన రిపోర్టు, దిద్దుకోమంటూ ఫ్యాక్టరీకే తిరిగి వెళుతుందని కూడా నాకు తెలుసు. మా పనిలో అది మామూలు. అది మేనేజరు బల్ల మీదికి చేరుతుందని తెలిసే రాశాను. రాస్తున్నప్పుడు మాత్రం సముద్రం అవతల చదివేవాళ్ళే నా కళ్ళ ముందున్నారు.

వాళ్ళకు తగిలింది. మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. అందులో ఆ వాక్యాన్నే ఎత్తి రాశారు. సారు దాన్ని అందరికీ చదివి వినిపించాడు. నేను ఆ సాయంత్రం పాపకు ఒక ఊలు టోపీ కొన్నాను.

నాలుగు నెలల తర్వాత, చెప్పిన లోపాలు దిద్దారో లేదో చూడటానికి మళ్ళీ జిగణి వెళ్ళాను. ఆమె గుడ్డను ఉతికి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టుకున్నాను. అందులో ఒక చిన్న గౌను కూడా పెట్టాను. తన బిడ్డ ఆడో మగో అడగలేదని దారిలో గుర్తొచ్చింది.

షెడ్డు పక్కన కొత్త గది కట్టారు. గోడలకు పసుపు రంగు, దాని మీద బాతుల బొమ్మలు. రెండు ఉయ్యాలలు, మీద ప్లాస్టిక్ కవర్లు తీయలేదు.

"మీరు అడిగిందే కదా మేడం" అన్నాడు మేనేజరు. ఆయన మాటలో వెటకారం లేదు, నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

"పిల్లలెవరూ లేరే?"

"చిన్నబిడ్డలుండేవాళ్ళను ఇప్పుడు మేం పనికి తీసుకోవడం లేదు. రిస్క్ ఎందుకప్పా? మీరే రాస్తిరి కదా, దుమ్ములో బిడ్డలని."

హాజరు పుస్తకం తెప్పించాను. నా మొదటి తనిఖీ నెలలో ఉన్న రెండు పేర్లు, ఒక మగ ఒక ఆడ, మూడో నెల నుంచి లేవు. ఫైల్లో ఒకే కాగితం మీద ఇద్దరి వేలిముద్రలు ఉన్నాయి. స్వంత ఇష్టంతో పని మానుకుంటున్నామని దాని పైన టైపు చేసి ఉంది. ఆమె పేరు నేను అప్పుడే మొదటిసారి చదివాను.

కుళాయి దగ్గర ఈసారి ఒక పెద్దావిడ ఉంది. గుడ్డ చూపించి అడిగాను.

"దానిదే" అంది ఆమె, నా వైపు చూడకుండా. "ఇంగ దానికి ఎందుకులేమ్మా ఆ గుడ్డ."

"ఎక్కడికి వెళ్ళారు?"

"కోలారు దిక్కు యాడనో, కంకర కొట్టే క్రషరు కాడికంట."

"ఎందుకు పంపారు?"

అప్పుడు చూసింది. "ఎందుకా? పెట్టెల కాడ చంటిబిడ్డ ఉండేది దాని ఒక్కదానికే కదమ్మా. ఇంగ పేరు రాసేదెందుకు? మీ కాయితం వొచ్చిన సాయంత్రమే మొగుడూ పెండ్లాన్ని ఇద్దర్నీ లైను ఖాళీ చెయ్యమన్నారు. ఆయప్పకు దగ్గు ముదిరి ఉండె. క్రషరు కాడ నీళ్ళు లేవు, పైపు లేదు, మీలాంటోళ్ళు వొచ్చేదీ లేదు."

 వేరే ఏం అడగాలో తెలియక, నీళ్ళు ఇప్పుడు రోజూ వస్తున్నాయా అన్నాను.

"వస్తాండాయి" అంది. పళ్ళెం కింద పెట్టి చేతులు జోడించింది. "వస్తాండాయనే రాసుకో తల్లీ. నీకు దండం పెడతా. ఈ కుళాయి కాడ మాట్లాడింది నేనొక్కదాన్నే, అందురూ చూస్తాండారు."

ఆఫీసుకు వచ్చి సారుకు చెప్పాను. ఆయన ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. "రాద్దామా?" అన్నాడు. రాయాలంటే ఎవరు చెప్పారో చూపాలి. చూపితే ఆ పెద్దావిడ వంతు. చూపకుండా రాస్తే, తేల్చుకునే దారి లేక కొనేవాళ్ళు కొనడమే ఆపేస్తారు, లైనులోని అందరి పనీ పోతుంది. ఇద్దరం ఆ మధ్యాహ్నమంతా దాన్నే అటూ ఇటూ తిప్పాం. ఫారంలో ఒక్కో లోపానికీ ఒక గడి ఉంటుంది. నీటి పైపులు: సరిదిద్దబడింది. పసిబిడ్డ: సరిదిద్దబడింది. కింద నేను సంతకం చేశాను. రాసినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. నీళ్ళు వస్తున్నాయని నాకు చెప్పారు. షెడ్డులో ఇప్పుడు పసిబిడ్డ లేదు.

ఆ తర్వాత వేరే పనుల మీద అటు వెళ్ళినప్పుడల్లా క్రషర్ల దగ్గర కారు ఆపించి అడిగేదాన్ని. దగ్గే మనిషి, చంటిబిడ్డతో పెళ్ళాం, జిగణి నుంచి వచ్చారు, చూశారా అని. ఒకచోట మేస్త్రీ పగలబడి నవ్వాడు. "ఏ దగ్గులోడు మేడం? ఈడ అందురూ దగ్గులోళ్ళే." పేరు చెప్పి అడిగితే దొరికేదేమో. ఆ పేరు పెదవుల దాకా వచ్చేది. ఆ పేరును వెతుకుతూ ఆఫీసు కారులో ఒక మేడం వచ్చిందని తెలిస్తే, అక్కడ కూడా ఆ సాయంత్రమే ఖాళీ చెయ్యమంటారేమోనని మింగేసేదాన్ని. రెండేళ్ళకు ఆ ఉద్యోగం మానేశాను. ఎందుకు మానేశానని అడిగినవాళ్ళకు పాప కోసం అని చెప్పాను. వాళ్ళు మెచ్చుకున్నారు.

పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. నిద్రలో ఒక్కసారి దగ్గితే లేచి కూర్చుంటాను. డాక్టరు ఏమీ లేదన్నాడు, మూడుసార్లు అన్నాడు. అయినా రెండో దగ్గు కోసం చూస్తూ ఉంటాను. ఆ చూడటంలోనే ఇవి కాగితం మీదికి వచ్చాయి. ఆ గుడ్డ ఇంకా నా దగ్గరే ఉంది. దేనికీ వాడలేను, పారేయలేను.

ఇందులో కూడా ఆమె పేరు రాయలేదు. ఆమె చేసే పని మార్చాను. వాళ్ళు వెళ్ళిన దిక్కు మార్చాను. పెద్దావిడను నేను కలిసిన చోటు మార్చాను. పాలు కారిన సంగతి, ఆమె గుడ్డ ఇచ్చిన సంగతి కూడా తీసేద్దామని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. అది తీసేస్తే చదివేవాళ్ళకు ఏమీ తగలదనిపించింది.

అప్పుడూ అలాగే అనిపించింది.