ఏసీ రూముల గోల్కొండ

మధురానగర్‌ల రాఘవేందర్‌కు ఒక లేడీస్ హాస్టల్ ఉన్నది. పేరుకే ఆయనది, నడిపేదంత భార్య రుద్రమ్మ. అమీర్‌పేటల కోర్సులు చేయనీకి వచ్చిన ఆడపిల్లలు పై అంతస్తులల్ల ఫ్యాన్ల కింద ఉడికిపోతుంటరు. ఏసీ ఉన్నది ఒక్క రూముకే. అందుల మనుషులుండరు, పటాలుంటయి.

గా పటాల పిచ్చి ఆయనకు పంజగుట్టల అంటుకున్నది. ఫ్లాటు బేరం మాట్లాడనీకి తారక్ గారని ఒక పెద్దమనిషి ఇంటికి పోయిండు. గోడ మీద పాత దేశాల పటం కనవడ్డది. తెల్లోళ్లు ఓడలేసుకొని సముద్రాల మీద పడ్డ కాలంల అచ్చేసింది. అందుల ఇండియా ముల్లంగి లెక్క సన్నగున్నది, లంక గుమ్మడికాయంత ఉన్నది, సముద్రంల మీసాల చేప ఒకటి ఓడను మింగుతున్నది.

"అంత తప్పుల తడకనే గదా సార్?" అన్నడు రాఘవేందర్.

"తప్పులకేనండీ విలువ. సరైన మ్యాపు ఫోన్లో ఊరికే దొరుకుతుంది," అన్నడు తారక్ గారు జాలిగ.

గా జాలి రాఘవేందర్‌కు ముల్లు లెక్క దిగింది. ఫ్లాటు ముచ్చట మర్చేపోయిండు. అప్పటిసంది ఫోన్‌ల విదేశాల వేలంపాటలు పాడి, గసొంటి మీసాల చేప పటాలే కొనుడు మొదలుపెట్టిండు. బోనాలకు వచ్చిన చుట్టాలను బువ్వ తినకముందే గా రూముకు తోలుకపోయేటోడు. "గిదే గోల్కొండ" అని చూపెడితే బామ్మర్ది హనుమాండ్లు వంగి వంగి చూసి, "మన ప్లాటు ఎటుదిక్కు పడ్తది బావా?" అని అడిగిండు. రాఘవేందర్ ఆయనతోని వారం మాట్లాడలే.

ఎండలు ముదిరినయి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తున్న హైందవి అనే పిల్ల ఒకనాడు ధైర్యం చేసి కిందికొచ్చింది.

"అంకుల్, పైన కూసోలేకపోతున్నం. గా ఏసీ రూముల జర చదువుకుంటం."

"పాత కాగితాలు బిడ్డా. మనుషుల ఆవిరి తగిలితే బూజు పడ్తది."

"మాకు చెమటకాయలు లేస్తున్నయి అంకుల్."

"చెమటకాయలు పోతయి బిడ్డా. బూజు పోదు."

వంటింట్ల ఉల్లిగడ్డలు కోస్తున్న రుద్రమ్మ ఇదంత విన్నది.

గా ఆదివారం తారక్ గారు తన పటాల దోస్తులను వెంటేసుకొని వచ్చిండు. రాఘవేందర్ ఇస్త్రీ అంగీ తొడుక్కొని ఎదురేగి, తాళంచెవి పట్టుకొని గంభీరంగ నడిచిండు. తలుపు తీసే ఉన్నది. లోపల నేలంత చాపలు, చాపలనిండ పిల్లలు, ల్యాప్‌టాపులు. ఆఫ్రికా పటం మూలకు ఎవరిదో చున్నీ ఆరేసి ఉన్నది.

"ఏమే, గిదేంది?" అన్నడు రాఘవేందర్, వెనుక వచ్చిన భార్య దిక్కు తిరిగి.

"ఎండకు పిల్లలు సొమ్మసిల్లితే వాళ్ల అమ్మానాయినలకు నేను జవాబు చెప్పాలె. మీ చేపకైతే ఎవ్వరు లేరు," అని రుద్రమ్మ వచ్చినోళ్లకు ఛాయ్ అందించింది.

పిల్లలు లేవబోతే తారక్ గారు కూసోమన్నడు. హైందవి గోడ మీది గోల్కొండ పటం దిక్కు చూసి అడిగింది: "సార్, ఇది గీసినాయన ఇండియాకు వచ్చిండా?"

"లేదమ్మా. ఓడలవాళ్లు చెప్పింది విని వాళ్ల ఊళ్లోనే కూర్చుని గీశాడు."

"మా ఫ్యాకల్టీ సుత గంతే సార్. కంపెనీ మొఖం చూడకుండనే ప్రాజెక్టు ఎట్ల చేయాల్నో చెప్తుండు."

పిల్లలు పక్కున నవ్విండ్రు. పటాల దోస్తులు ఛాయ్ కప్పులల్లకు చూసిండ్రు. తారక్ గారు మాత్రం చాప మీదనే కూలబడి, ఒక్కొక్క పటం కథ చెప్పుకుంట పోయిండు. పోయేటప్పుడు గేటు కాడ రాఘవేందర్ చెయ్యి పట్టుకున్నడు.

"మీరు అదృష్టవంతులండీ. మా ఇంట్లో నా పటాల గది వైపు ఎవరూ రారు."

రాఘవేందర్ ఛాతీ ఉబ్బింది. మరునాటిసంది టిఫిన్ కాంగనే ఒక కట్టె పట్టుకొని పిల్లలకు సముద్రాలు చూపెట్టుడు షురూ చేసిండు. చల్లగాలి వాళ్లది, ఉపన్యాసం ఆయనది. చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పిల్లలు మర్యాదగ తలలూపిండ్రు. రుద్రమ్మ బోర్డు మీద "ఏసీ స్టడీరూము కలదు" అని రాయించింది.

జూన్‌ల వానలు పడంగనే పిల్లలు ఒక్కొక్కరే పైకి సర్దుకున్నరు. రాఘవేందర్ రెండు దినాలు ఖాళీ చాపల దిక్కు చూసుకుంట కూసున్నడు. మూడోనాడు మెట్ల కాడ నిలబడి, తడిసిన గొడుగు దులుపుకుంట వస్తున్న హైందవిని ఆపిండు.

"బిడ్డా, పైన జర ఉక్కపోస్తలేదా?"