పసుపు ముఖం దెయ్యం

ఆ రోజుల్లో నాకు జనాన్ని భయపెట్టాలని మహా కోరిక. పాత టీవీ ప్రసారాల్లా తీసిన దెయ్యం సినిమాలు ఫోన్లో చూసీ చూసీ బుర్ర చెడిపోయింది. ఎప్పటిదో క్యాసెట్టు దొరికినట్టు, అందులో ఏదో మామూలు కార్యక్రమం నడుస్తుంటే వెనక ఎవరో కదిలినట్టు ఉంటాయవి. నిజామాబాద్‌లో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన దగ్గర ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను కదా, నేనూ ఒకటి తీస్తానన్నాను. మా ఊరు మెండోరలో మా బాపుకేమో పసుపు తవ్వడానికి మనిషి కావాలి. "నీ సినిమా సూసి ఒక్కలన్న భయపడితే నీ ఇష్టం. లేకుంటే కెమెరా పక్కకు పెట్టి శేనుకు రా" అన్నాడు. నా బతుకంతా ఆ ఒక్కరి మీద ఆధారపడింది.

పాతకాలపు రైతుల కార్యక్రమంలా తీశాం. నా దోస్తు కోటు తొడుక్కుని మా పసుపు చేలో నిలబడి "రైతు సోదరులకు నమస్కారం" అంటుంటే వెనక నుంచి దెయ్యం మెల్లగా వస్తుంది. దెయ్యం మా అక్క (అడగకముందే ఒప్పుకుంది). పౌడరు చాలలేదు, ఇంట్లో పసుపుకేం కొదవ? ముఖమంతా దట్టంగా పూసి, జుట్టు విరబోసి, నుదుట రక్తం మరకలా ఇంత కుంకుమ పెట్టాం. బొమ్మ మీద గీతలు, గరగర, మధ్యలో "అంతరాయానికి చింతిస్తున్నాము" అనే బోర్డు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం మా పసుపు కొట్టంలో తలుపులు మూసి, గోడకు తెల్ల పంచె కట్టి ప్రొజెక్టరుతో సినిమా వేశాను. ఇరుగుపొరుగంతా వచ్చారు. గీతలు మొదలవగానే మా ముసలి అవ్వ "ఎవలన్న మీదికెక్కి గా యాంటెనా తిప్పున్రి" అంది. నేను సర్దిచెప్పేలోగా పసుపు ముఖం తెర నిండా వచ్చేసింది. ఒక్క కేక కోసం ఊపిరి బిగబట్టాను. అవ్వ లేచి రెండు చేతులూ జోడించి, "పోచమ్మ తల్లీ, సల్లంగ సూడు" అంది. ఆమెను చూసి ఆడవాళ్లంతా లేచి మొక్కారు. మూల నిలబడ్డ అక్క నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. "అమ్మవారు కాదవ్వా, దెయ్యం" అని మొత్తుకుంటే, "లెంపలేసుకో" అని అవ్వ నా మీదికే వచ్చింది. వేసుకున్నాను.

అందరూ వెళ్లాక పంచె విప్పి మడతపెడుతూ, "ఎవలు భయపడలే బాపు, రేపు శేనుకొస్త" అన్నాను. బాపు గోడవారగా వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఎప్పుడు విడిచాడో నేను చూడనేలేదు. "భయం లేకుంటే సెప్పులెందుకు ఇడుస్త బిడ్డా? పో, నిజామాబాద్ బస్సెక్కు" అన్నాడు.

ఇప్పుడు నిజామాబాద్‌లోని కంఠేశ్వర్‌లో నాకో చిన్న ఎడిటింగ్ గది ఉంది. దెయ్యం, దెయ్యం అని లెంపలేసుకుంటూ వాదించిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. పసుపు అమ్మడానికి వచ్చినప్పుడల్లా బాపు నా గదికి వస్తాడు. చెప్పులు బయటే విడిచి, "కొత్తది ఏమన్న తీసినవా?" అని అడిగి, అప్పుడు లోపలికి అడుగు పెడతాడు.